వల కొసలు కలిసేదాకా

వల రెండు కొసలూ కలిసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. దీవి దక్షిణపు కొసనున్న మలెస్సో ఊళ్ళో ఈ మాట ఎవరూ ఎవరికీ ప్రత్యేకంగా చెప్పరు. నడక వచ్చినట్టే ఇదీ వస్తుంది. చేపకి చెవులుంటాయి కాబట్టి అని కొందరంటారు. పగడపు దిబ్బ మీద తిరిగే, ఎప్పుడో పోయిన పెద్దలకి చెవులుంటాయి కాబట్టి అని ముసలివాళ్ళంటారు. కారణం ఏదైనా, మన్యాహక్ చేపపిల్లల గుంపు బయటి సముద్రంలోంచి దిబ్బ దాటి లోపలి నీళ్ళలోకి వచ్చిందంటే ఊరు ఊరంతా మూగదైపోతుంది. దగ్గొచ్చినవాడు తల నీళ్ళలో ముంచి దగ్గుతాడు. కాలికి రాయి గుచ్చుకున్నవాడు పళ్ళు బిగబట్టి ఊరుకుంటాడు.

రుఫీనాకి యాభై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ కట్టు తప్పిన మనిషిని ఆమె ఒక్కరినే చూసింది. ఎప్పుడో చిన్నతనంలో జెల్లీ చేప కుట్టి ఒక పిల్ల కేక వేసింది. గుంపు మొత్తం ఒక్క మలుపు తిరిగి దిబ్బ దాటి వెళ్ళిపోయింది. ఆ పిల్లకి ఇప్పుడు మనవలున్నారు. అయినా ఊళ్ళో ఆమెని 'కేకల మగ్దలేనా' అనే పిలుస్తారు.

ఏప్రిల్ చివర, చంద్రుడు సగానికి తరిగిన మర్నాడు, పొద్దు బారెడెక్కేసరికి రుఫీనా చుట్టువలని ఒడ్డుకి చేర్పించింది. అది ఆమె మొగుడి వల. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ తరవాత వచ్చిన తుఫాను వలని పీలికలు చేస్తే, ఆమె ఎనిమిది నెలలు వరండాలో కూర్చుని కన్ను కన్నూ మళ్ళీ అల్లింది.

రెండేళ్ళుగా మన్యాహక్ రాలేదు. చూస్తే ఏముంది, వేలెడు పొడవు వెండి చేప. పెద్దదైతే దాని పేరూ మారిపోతుంది, రుచీ మారిపోతుంది. దిబ్బ మీది నాచు నోట పెట్టకముందే పట్టాలి, పెడితే చేదు. కానీ మలెస్సో అన్న ఊరి పేరే ఆ చేప పిల్లల పేరు. ఉప్పూ నిమ్మరసం మిరపకాయలతో ఊరేసిన మన్యాహక్ సీసా చేతిలో లేకుండా ఈ ఊరి మనిషి పెళ్ళికి వెళ్ళడు, చావుకి వెళ్ళడు. ఆ రెండేళ్ళూ వాళ్ళు పెళ్ళిళ్ళకి కోళ్ళు తీసుకెళ్ళి, చావులకి బియ్యం బస్తాలు తీసుకెళ్ళి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా ఓ మూల కూర్చుని వచ్చారు. ఉత్తరాన పట్నం నుంచి కార్లలో వచ్చి రోడ్డు పక్క బల్లల మీద సీసాలు కొనేవాళ్ళు రావడం మానేశారు. తుఫానుకి లేచిపోయిన రేకుల చోట సగం ఇళ్ళమీద ఇంకా టార్పాలిన్ పట్టాలే ఉన్నాయి.

మొదటి ఏడు తుఫానుని తిట్టారు. రెండో ఏడు వల గురించి మాట్లాడ్డం మొదలుపెట్టారు. ఆడదాని చేతికొచ్చిన వల, మొగుడు చచ్చిన వల. రుఫీనా ముందు ఎవరూ అనలేదు. దుకాణంలో బియ్యం బస్తాల వెనక నిలబడి ఉండగా ఆమె విన్నది. విని, ఏమీ కొనకుండా ఇంటికొచ్చి, ఆ రోజు పొద్దుగూకేదాకా వల అల్లింది.

కాబట్టి ఆ పొద్దున ఒడ్డున ఆమెకి తప్ప అందరికీ నవ్వులాటగానే ఉంది.

"ఏం ఇలారియో, పొట్ట ముందొచ్చేసింది. నువ్వెప్పుడొస్తావు?" అని అరిచాడు అసెన్సియో. ఇలారియో రుఫీనా తమ్ముడు. అసెన్సియో అతని చిన్ననాటి జతగాడు.

"వస్తున్నానురా. నీలాగ ఒట్టి ఎముకలైతే గాలికే కొట్టుకొచ్చేవాణ్ణి" అన్నాడు ఇలారియో. ఇసుకలో నడవడానికే రొప్పుతున్నాడు. అక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, నన్ను లోతువైపు వెయ్యకే. ఛాతీ కాస్త పట్టేసినట్టుంది."

"నిన్న ఏం తిన్నావురా?"

"పంది మాంసం. ఊరికే రుచి చూశాను."

అతని పెళ్ళాం ఒలింపియా వెనకనించి అందుకుంది. "రుచా? మూడు పళ్ళేలు వదినా! మన్యాహక్ వస్తుంది, కడుపులో కాస్త చోటుంచుకో మగడా అంటే వింటాడా?"

"లోతువైపు నువ్వే ఉండాలి" అంది రుఫీనా. "నీ బరువుకి వల అడుగు లేవదు. అలిసిపోతే ఎప్పట్లా నీళ్ళలో కూలబడు, ఎవడొద్దన్నాడు?"

అందరూ నవ్వారు. వల లాగుతూ లాగుతూ ఇలారియో మెడదాకా నీళ్ళలో చతికిలబడి సేదతీరడం ఊళ్ళో అందరికీ తెలిసిందే. సముద్రంలో కుర్చీ వేసుకున్నాడు అంటారు. అతనూ నవ్వాడు. తలకి గుడ్డ చుట్టుకుని నీళ్ళలోకి దిగాడు.

తున్ గొర్గోనియో ఊళ్ళో అందరికంటే పెద్దవాడు, 'తున్' అంటే పెద్దాయన అనే. ఆయన ముందుకొచ్చి, మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి, దిబ్బ వైపు తిరిగి, ఎప్పుడూ అడిగేటట్టే అడిగాడు. "అవ్వా, తాతా, మీ చోట కాలు పెడుతున్నాం. కోపం తెచ్చుకోకండి. మీరు మా చోటికొచ్చినప్పుడు మీక్కావలసింది తీసుకెళ్ళండి." ఆ మాట అయ్యాక ఇంక ఎవరూ మాట్లాడలేదు.

గుంపు వచ్చింది. పైన మబ్బు లేకుండా మబ్బు నీడ ఒకటి నీళ్ళ అడుగున నడిచినట్టు, దిబ్బలోని సందు దాటి, గడ్డి మీదుగా, మెల్లగా ఒడ్డు వైపు జరిగింది. పదిహేను మంది వలని బారుగా పట్టుకుని ఆ నీడ వెనక్కి వెళ్ళారు. ఒడ్డువైపు ఒక కొస రుఫీనాది, రెండో కొస తున్ గొర్గోనియోది. నడిమధ్య, దిబ్బ అంచుకి దగ్గరగా, రొమ్ముల్లోతు నీళ్ళలో ఇలారియో. కొసలు రెండూ ఒకదానివైపు ఒకటి నడుస్తూ రావాలి. మిగిలినవాళ్ళు సీసపు గుళ్ళ తాడుని కాళ్ళతో నేలకి అదిమి ఉంచాలి. అందుకని అందరి కళ్ళూ ఎవరి కాళ్ళ దగ్గర వాళ్ళకుంటాయి. తలెత్తి చుట్టూ చూడగలిగేది కొసలు పట్టుకున్న ఇద్దరే. తున్ గొర్గోనియో కళ్ళకి తెల్లపొర కమ్మి రెండేళ్ళయింది.

రుఫీనా నడుస్తోంది. ఇంకా నలభై అడుగులుంది.

ఇలారియో కూర్చున్నాడు. కూర్చోవడమే అనుకుంది. అప్పుడే కుర్చీ వేశాడు అనుకుంది. అతని దగ్గర వల బెండ్లు నాలుగైదు నీళ్ళలోకి మునిగాయి. మునిగి, లేవలేదు. తరవాత అతని తల పైకొచ్చింది. తలగుడ్డ లేదు. నోరు బాగా తెరుచుకుని ఉంది. ఆ నోట్లోంచి చప్పుడేమీ రాలేదు. తల మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ క్షణంలో తన మనసులో ఏముందో రుఫీనాకి తెలుసు. అదే ఆమెకొచ్చిన కష్టం. మరచిపోయి ఉంటే బాగుండేది. తమ్ముడు పోతున్నాడన్న మాట ఆమె మనసులో లేదు. 'వాడక్కడ పడిపోతే అడుగు తాడు లేస్తుందే' అని ఉంది. తాడు లేవలేదు. బరువు దాని మీదే ఉంది. ఆమె నడిచింది. నీళ్ళలో చప్పుడు కాకుండా, పాదం పక్కకి తిప్పి జార్చుతూ, తల్లి నేర్పిన నడక నడిచింది. ముప్ఫై అడుగులు. ఇరవై. పది. తున్ గొర్గోనియో చేయి ఆమె చేతికి తగిలింది. కొసలు కలిశాయి.

ఊరంతా ఒక్కసారి కేక పెట్టింది. రెండేళ్ళు దాచుకున్న కేక. ఆ కేకలో రుఫీనా గొంతు కూడా ఉంది. పెద్దగానే ఉంది.

"ఒరేయ్ ఇలారియో, చాల్లే నిద్ర, లే!" అంటూ అసెన్సియో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళాడు. వెళ్ళి వంగాడు. మళ్ళీ లేచి అందరివైపూ చూశాడు. అతని ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉండిపోయింది. తీసెయ్యడం మరిచిపోయినట్టుంది.

ఇలారియో వల లోపలివైపు పడ్డాడు. వేలకి వేలు మన్యాహక్ మధ్యన, చుట్టూ వెండి పొడి రేగినట్టు తిరుగుతుంటే, మోకాళ్ళు ముడుచుకుని బోర్లా ఉన్నాడు. బయటికి తియ్యాలంటే వల దించాలి. దించితే చేప పోతుంది. నలుగురు మగవాళ్ళు అతని భుజాలు పట్టుకుని నిలబడిపోయారు. ఎవరో ఒకరు అనాలి కాబట్టి తున్ గొర్గోనియో అన్నాడు.

"పైనించి ఎత్తండి."

పైనించే ఎత్తారు. బెండ్ల తాడు మునగకుండా, ఒక్క చేప బయటికి పోకుండా, అంత బరువైన మనిషిని తలలకంటే పైకి ఎత్తి అవతల వేశారు. తరవాత్తరవాత ఆ నలుగురూ ఈ సంగతి ఒకరితో ఒకరు కూడా ఎత్తలేదు.

*

ఒడ్డున ఒలింపియా ఏడవలేదు. పిల్లలు ఆడుకుంటూ బోర్లించిన తొట్లని ఒక్కొక్కటే తిరగేసి వరసగా పెట్టింది. షాకులో ఉంది పాపం, అన్నారు ఆడవాళ్ళు. ఆమెని పట్టుకుని ఇసుకలో కూర్చోబెట్టారు. ఆమె లేచి మిగిలిన రెండు తొట్లూ కూడా తిరగేసింది.

పికప్ బండిలో అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎండ ఎక్కుతోంది. చేప ఆగదు. మన్యాహక్‌కి ఎండ తగిలితే గంటలో పొట్ట మెత్తబడుతుంది. ఊరి ఆడవాళ్ళు ఏడుస్తూనే ఉప్పు తెచ్చారు. ఏడుస్తూనే తొట్లలో పోశారు. నిమ్మకాయలు చాలకపోతే పక్క ఊరికి మనిషిని పంపారు. తున్ గొర్గోనియో ఎప్పట్లాగే పాళ్ళు వేశాడు. వల పట్టినవాళ్ళకి, ఒడ్డున నిలబడ్డవాళ్ళకి, ఊరికే చూడ్డానికొచ్చిన దారినపోయేవాళ్ళకి కూడా. వచ్చి నిలబడ్డ మనిషికి పాలు లేదనడం మలెస్సోలో లేదు. ఇలారియో పాలు దగ్గరికొచ్చేసరికి ముసలాయన చేతులు ఆగాయి. రెండింతలు వేసి, వెళ్ళి కొబ్బరి చెట్టు వెనక వాంతి చేసుకున్నాడు.

గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. నీళ్ళు మింగకముందే పోయి ఉంటాడని డాక్టరు అన్నాడట. ఎవరైనా పక్కనే ఉన్నా ఏమీ చెయ్యలేకపోయేవారట. ఆ 'అట'లని ఊరంతా చేతులు మార్చుకుంటూ సాయంత్రానికల్లా నున్నగా చేసేసింది. దాని మీద ముసలివాళ్ళు ఇంకో మాట కూడా వేశారు. "పెద్దలు తీసుకున్నారమ్మా. మీక్కావలసింది తీసుకెళ్ళండి అని మనమే అడిగాం కదా. రెండేళ్ళ చేప ఒక్కసారి ఇచ్చారు. ఊరికే ఇస్తారా?" వినడానికి ఎంతో హాయిగా ఉంది. రుఫీనా ఆ మాటలో పడుకుందామని చాలాసార్లు ప్రయత్నించింది. ఆ నోరు గుర్తొచ్చేది. తెరుచుకున్న నోరు.

వాడు అరవలేకపోయాడా, అరవకుండా ఉన్నాడా?

ఇది తేలితే తప్ప ఇంకేదీ తేలదని ఆమెకి అనిపించింది. అరవలేకపోయి ఉంటే డాక్టరు చెప్పింది నిజం. కానీ ఇలారియో మలెస్సో మనిషి. తల పైకొచ్చినప్పుడు అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. వల ఇంకా కలవలేదని ఆ కళ్ళకి కనిపించి ఉండాలి. పుట్టిన దగ్గర్నుంచీ నేర్చుకున్నది చచ్చేటప్పుడు మాత్రం ఎలా మరిచిపోతాడు? కేక గొంతుదాకా వచ్చినా వాడే మింగేసి ఉంటే? అక్క ఎనిమిది నెలలు అల్లిన వల అని, అక్కని అన్న మాటలన్నీ వాడూ విన్నాడు కదా అని?

రెండో రోజు పొద్దున్న రుఫీనా బట్టల తాడు ఊడదీసి, ఒక కొస పనస చెట్టుకి కట్టి, రెండో కొస పట్టుకుని పెరట్లో నలభై అడుగులు నడిచింది. నీళ్ళలో నడిచినంత మెల్లగా. ఎంతసేపు పట్టిందో చూసుకుంది. మళ్ళీ నడిచింది. ఈసారి ఇరవయ్యో అడుగు దగ్గర తాడు వదిలేసి, ఇలారియో పడ్డంత దూరంలో ఉన్న వెనక గోడ దాకా పరుగెత్తింది. మళ్ళీ వెనక్కొచ్చి పదో అడుగు దగ్గర వదిలేసి పరుగెత్తింది. ఏ అడుగు దగ్గర వదిలినా, సమయం ఉండగానే గోడ దగ్గరికి చేరుకోగలిగింది. పక్కింటి నుంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించి, తాడు మీద తడిబట్టలు లేకపోయినా ఉన్నట్టు దులిపింది.

పాదిరీ దగ్గరికి వెళ్ళి చెప్పింది. పాపాలు ఒప్పుకునే గదిలో తెర అవతల ఆయన సగంలోనే "అది పాపం కాదమ్మా" అనేశాడు. "నువ్వు చూసింది నీకు అర్థం కాలేదు. నీ తమ్ముడి ఆత్మ కోసం ప్రార్థించు, వెళ్ళు." ఆమె బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. క్షమించేముందు కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది అనుకుంది. పైగా అది ఆయన క్షమించవలసింది కాదు. క్షమించవలసిన మనిషి పక్క ఇంట్లో ఉంది.

చెప్పాలి. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. మొగుడు పోయాక రుఫీనాకి ఉన్నవాళ్ళు ఇద్దరే. ఒకడు పోయాడు. చెబితే ఒలింపియా పోతుంది. రెండు ఇళ్ళ మధ్య గోడ లేదు. పిల్లల్లేని రుఫీనా వంటింట్లో ఒక్కదానికీ వండుకోవడం ఎప్పుడో మానేసింది, గిన్నె పట్టుకుని అటు వెళ్ళేది. చెప్పకపోతే ఆ గిన్నె పట్టుకుని ఇంకా ఇరవయ్యేళ్ళు వెళ్ళచ్చు. వెళ్ళి, ఆవిడ వడ్డించింది తిని, ఆవిడ "వదినా, ఇంకాస్త" అంటే "చాలమ్మా" అని రావచ్చు. అది తలుచుకుంటే, సముద్రంలో చూసినదానికంటే భయమేసింది.

*

చావింట్లో తొమ్మిది రోజులు జపమాల. ఊరంతా వస్తుంది, పక్క ఊళ్ళు వస్తాయి. వచ్చినవాళ్ళకి పళ్ళెం పెట్టకుండా పంపడం ఎవరి ఇంటా వంటా లేదు. మూడో రోజు మధ్యాహ్నానికి ఒలింపియా పెరటి వంటిల్లు ఆడవాళ్ళతో నిండిపోయింది. ఎర్రన్నం రెండు పెద్ద డేగిసాల్లో ఉడికింది. మన్యాహక్ మూడు రకాలుగా ఉంది. నూనెలో కరకరలాడేట్టు వేయించింది, కొబ్బరిపాలల్లో కాచింది, నిమ్మరసంలో ఊరేసింది. ఇంతకంటే మంచి చావు భోజనం ఈ మధ్య ఎక్కడా తినలేదని నిన్న వచ్చినవాళ్ళు అన్నారు. అని, నాలిక కరుచుకున్నారు. కానీ మళ్ళీ వడ్డించుకున్నారు.

రోడ్డు పక్క బల్లలు మళ్ళీ లేచాయి. అసెన్సియో పొద్దున్న వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, టోపీ చేతిలో నలుపుతూ చెప్పాడు. "ఒలింపియా, నీ వాటా సీసాలు నేను అమ్మిపెడతాను. పట్నం కార్లు వరస కట్టాయి. పది డాలర్లకి ఒక్క సెంటు తగ్గను. వాడుంటే పన్నెండు చెప్పేవాడు." అని, టోపీ తలకి పెట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళి సీసాలు అమ్మాడు.

మధ్యాహ్నం దాటాక ఆడవాళ్ళు స్నానాలకి వెళ్ళారు. వంటింట్లో వదినా మరదళ్ళు ఇద్దరే మిగిలారు. ఒలింపియా పీట మీద నిమ్మకాయలు కోస్తోంది. మూడు రోజులుగా ఆమె చేతులు ఖాళీగా ఉండగా ఎవరూ చూడలేదు. రుఫీనా ఎదురుగా కూర్చుంది.

"ఒలింపియా, నీకో మాట చెప్పాలి."

"చెప్పు వదినా. ముందు ఆ మిరపకాయలు ఇటు జరుపు."

జరిపింది. ఇన్ని మాటలు కూడబెట్టుకుంది, ఒక్కటీ పనికొచ్చేట్టు కనిపించలేదు.

"వాడు పడ్డప్పుడు నేను చూశాను."

కత్తి ఆగలేదు. "కూర్చున్నాడనుకున్నావు. అందరూ అదే అనుకున్నారు. నీ తప్పేముంది?"

"అది కాదే. ముందు కూర్చున్నాడనే అనుకున్నాను. తరవాత తల పైకొచ్చింది. ఒకసారి. నోరు ఇంత తెరుచుకుని ఉంది. నేను చూశాను. నాకు తెలిసింది. తెలిసి కూడా కొస పట్టుకునే నడిచాను. కలిసేదాకా నడిచాను. కలిశాక కేక కూడా పెట్టాను."

అయిపోయింది. ఇంతసేపూ చెంప బిగబట్టి కూర్చున్నానని అప్పుడు తెలిసింది రుఫీనాకి. కొడుతుందనుకుంది. కొట్టాలి. కొట్టకపోతే ఆ కత్తయినా విసరాలి. లేదా లేచి ఊరంతా వినేట్టు అరవాలి. ఇప్పుడు అరవచ్చు కదా, వల కలిసింది కదా. మూడు రోజులుగా ఆమె ఎదురుచూస్తున్నది ఆ అరుపు కోసమే.

ఒలింపియా కోసిన నిమ్మకాయని గిన్నెలో పిండింది. గింజలు వేలితో తీసి పక్కన పెట్టింది.

"రెండుసార్లు" అంది.

"ఏంటి?"

"తల రెండుసార్లు పైకొచ్చింది వదినా. రెండోసారి నువ్వు తాడు కేసి చూసుకుంటున్నావు."

బయట కోడి ఒకటి గిన్నెల దగ్గరికొచ్చి, పొడిచి, వెళ్ళిపోయింది. రుఫీనాకి మాట అర్థమైంది. అర్థం మాత్రం ఎక్కడో బయటే ఆగిపోయి, లోపలికి రావడం లేదు.

"నువ్వు... ఒడ్డునున్నావు కదా."

"ఒడ్డునే. తొట్లు పట్టుకుని గట్టు మీద. అక్కణ్ణించి అంతా కనపడుతుంది." ఒలింపియా ఇంకో కాయ తీసుకుంది. "నోరు తెరిచాను వదినా. ఇంత తెరిచాను. 'ఇలారియో' అనడానికి ఎంతసేపు? అప్పుడు గుంపు కనిపించింది. వల మధ్యలో, నల్లగా, ఇంతలావున. రెండేళ్ళు. పైకప్పు లేదు. మా అమ్మ చచ్చిపోతే బియ్యం బస్తా పట్టుకుని వెళ్ళాను నేను. మా అన్న పెళ్ళాం అందరి ముందూ, మలెస్సో నించి బియ్యమా అంది. అదంతా గుర్తొచ్చింది. నోరు మూసేశాను."

"ఒలింపియా..."

"ఆగు, చెప్పనీ. నువ్వు చెప్పావు, నేను విన్నాను కదా." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. కూరలో ఉప్పు గురించి చెబుతున్నట్టే ఉంది. "ఆ తరవాత నేను అతనికేసి చూళ్ళేదు. నీకేసి చూశాను. నువ్వు చూశావని నాకు తెలుసు. నీ మొహం మారింది. ఇదిగో వదిలేస్తుంది, ఇప్పుడు వదిలేస్తుంది, అక్క కదా, వదిలేసి పరిగెడుతుంది అనుకున్నాను. నువ్వు వదల్లేదు. కొసలు కలిశాయి. అమ్మయ్య అనుకున్నాను వదినా. నిజంగా అనుకున్నాను. అమ్మయ్య అని."

నిమ్మరసం ఆమె వేళ్ళ మీది కోతల్లోకి దిగుతూ ఉండాలి. ఆమె చేతులు కడుక్కోలేదు.

రుఫీనా చూస్తూ కూర్చుంది. మూడు రోజులుగా మోసిన రాయి ఎవరో తీసేసుకున్నట్టు కాలేదు. ఆ రాయి తన ఒక్కదానిదే అనుకుంది. అది ఎంత బరువైనా, దాని ఆకారం తనకి తెలుసు, దాని మూలలు తెలుసు. నేను చంపాను, ఆవిడకి తెలియదు. ఆవిడ మంచిది, నేను కాదు. ఆ లెక్కలో ఒలింపియాకి ఒక చోటుంది, కొట్టడానికో క్షమించడానికో. ఇప్పుడు ఆ చోట ఎవరూ లేరు. క్షమించమని అడగడానికి ఇంట్లో మనిషే లేకుండా పోయింది. కోపం కోసం వెతుక్కుంది. 'నీ మొగుడే కదే' అందామని నోటిదాకా వచ్చింది. 'నీ తమ్ముడే కదా' అని వెంటనే తిరిగొస్తుందని తెలిసి ఊరుకుంది. ఒలింపియా కూడా దేనికోసమో ఊరుకున్నట్టుంది. ఒకరినొకరు చూసుకున్నారు. దగ్గరివాళ్ళనీ అనిపించలేదు, దూరమనీ అనిపించలేదు.

"ఎవరికైనా చెప్పావా?" అంది ఒలింపియా చివరికి.

"పాదిరీకి."

"ఏమన్నాడు?"

"పాపం కాదన్నాడు."

ఒలింపియా ముక్కులోంచి ఊపిరి ఒక్కసారి గట్టిగా వదిలింది. నవ్వో ఏడుపో మొదలై, ఏదీ కాకుండానే ఆగిపోయింది. మోచేత్తో నుదురు తుడుచుకుంది.

"వాడు కూడా కావాలనే అరవలేదంటావా?" అంది రుఫీనా.

ఒలింపియా పిండేసిన నిమ్మ తొక్కలన్నీ ఏరి ఒక పక్కకి నెట్టింది.

"నాకు తెలీదు" అంది. "ఆ మాట మళ్ళీ నన్ను అడక్కు."

ముందు వాకిట్లో కార్ల తలుపులు వేస్తున్న చప్పుళ్ళు. బల్లలు జరుపుతున్నారు. అసెన్సియో కిటికీలోంచి తల పెట్టాడు. "ఒలింపియా, జనం వచ్చేశారు. ఇనాలాహాన్ ఊరివాళ్ళు రెండు బళ్ళల్లో దిగారు. దారంతా మన్యాహక్ గురించే చెప్పుకుంటూ వచ్చారట. ఉంటుందా, ఇంకా వేయించమంటావా? మగ్దలేనా పిన్నినైనా పిలవనా సాయానికి?"

"ఉంటుంది" అంది ఒలింపియా. "ఎవరినీ పిలవకు. మేం ఉన్నాం."

ఆమె లేచి నిమ్మరసం చేప మీద పోసింది. పెద్ద పళ్ళెం ఒకటి రుఫీనా చేతిలో పెట్టి, ఇంకోటి తను ఎత్తుకుంది. పళ్ళెంలో వేలెడు చేపలు తలలూ తోకలూ కలిసిపోయి తెల్లగా మెరుస్తున్నాయి. ముందు గదిలో జపం మొదలైంది. ఆ గుమ్మం ఇరుకు, ఒకరి తరవాత ఒకరు వెళ్ళవలసిందే. అన్నేళ్ళుగా ఆ గుమ్మంలో రుఫీనానే ముందు నడిచేది, పెద్దది కాబట్టి. ఇప్పుడు ఎవరు ముందు వెళ్ళాలో ఇద్దరికీ తెలియలేదు. చేతులు బరువెక్కుతున్నా, పళ్ళేలు దించకుండా, అక్కడే నిలబడిపోయారు.